దెబ్బలకు తట్టుకునే వేప్ పరికరాన్ని పరీక్షించి ఎంచుకోవడం ఎలా? బ్రిటన్‌లోని తెలుగువారి కోసం సమగ్ర మార్గదర్శి

ఈ వ్యాసం ఎవరి కోసమో ముందే చెప్పడం నా బాధ్యత. ఏళ్ల తరబడి సిగరెట్లు కాల్చి, వాటిని మానుకునే ప్రయత్నంలో వేప్‌కు (నికోటిన్ ద్రవాన్ని వేడి చేసి ఆవిరిగా పీల్చే ఈ-సిగరెట్ పరికరం) మారినవారు, మారదామనుకుంటున్నవారు, 18 ఏళ్లు నిండినవారు, అందులోనూ బ్రిటన్‌లో ఉంటూ నాలాగా ఎండావానల్లో తిరిగే పనులు చేసే తెలుగువారు దీన్ని చదవాలని రాస్తున్నాను. సిగరెట్ అలవాటే లేనివారికి ఈ పరికరంతో పని లేదు. ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ చెప్పే మాట కూడా ఇదే: వేప్ వల్ల సిగరెట్ కంటే హాని తక్కువ, అంతేగాని అది హాని లేని వస్తువు కాదు, పొగ తాగనివారు దాని జోలికి పోకూడదు. అందులోని నికోటిన్‌కు అలవాటు పడితే వదిలించుకోవడం కష్టం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉన్నవారికి ఈ మార్గదర్శి వర్తించదు. భారత ప్రభుత్వం 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్స్ ద్వారా, ఆ ఏడాది చివర చట్టం ద్వారా ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నింటినీ నిషేధించింది. తయారీ, దిగుమతి, అమ్మకం వంటివాటిలో మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ చట్టాన్ని దాటే మార్గాలేవీ ఇక్కడ దొరకవు.

ఇక అసలు విషయం. పరికరం గట్టిదా కాదా అన్నది నాకెందుకు ఇంత ముఖ్యమైందో చెబితే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. నేను లీడ్స్ దగ్గర భవన నిర్మాణ స్థలాల్లో పనిచేస్తాను. సిగరెట్ మానేసి ఏడు నెలలైన తర్వాత, ఒక నవంబరు ఉదయం పరంజా ఎక్కుతుండగా జాకెట్ జేబులోంచి నా వేప్ జారి, ఇంచుమించు రెండు మీటర్ల కింద కాంక్రీటు మీద పడింది. తీసి చూస్తే ఒంటి మీద గోటితో గీసినంత గీత తప్ప ఏమీ లేదు. కాని బ్యాటరీ మూతకున్న చిన్న కొక్కెం ఒక పక్కకు వంగిపోయింది. మూత పడితేనే గాని లోపల కరెంటు కలవదు. మూత పడటం లేదు. మధ్యాహ్నం భోజనం వేళకు నా కాళ్లు వాటంతటవే పక్క దుకాణం వైపు నడిచాయి. ఇరవై సిగరెట్ల పెట్టె కొన్నాను. ఏడు నెలల కష్టం ఆ కొక్కెంతో పాటే వంగిపోయింది. మళ్లీ దారిలో పడటానికి మూడు వారాలు పట్టింది.

కాబట్టి నేను ‘గట్టి పరికరం’ అన్నప్పుడు ట్రక్కు టైరు కింద పడినా పగలని వస్తువు అని కాదు. పని మధ్యలో ఆగిపోయి మనల్ని సిగరెట్ దగ్గరకు పంపనిది అని అర్థం. ఈ వస్తువుల్లో ఒళ్లు పాడవడం అరుదు. పాడయ్యేవి మూత, ద్రవం ఉండే ట్యాంకు గాజు, ఛార్జింగ్ రంధ్రం, రబ్బరు పట్టీ, బ్యాటరీ పైతొడుగు. ప్రకటనలన్నీ ఒంటిని చూపిస్తాయి. మనం చూడవలసింది ఈ ఐదింటినీ.

మొదటి మెట్టు: మీ రోజు ఎలా గడుస్తుందో రాసుకోవడం

దుకాణానికి వెళ్లే ముందు ఒక కాగితం మీద మీ పని దినాన్ని రాసుకోండి. పరికరం ఏ జేబులో ఉంటుంది, ఆ జేబులో తాళాలూ చిల్లరా ఉంటాయా, వానలో ఎంతసేపు ఉంటారు, దుమ్ము ఎక్కువా నూనె మరకలు ఎక్కువా, ఛార్జింగ్‌కు రోజులో అవకాశం ఎన్నిసార్లు దొరుకుతుంది, చేతికి తొడుగులు వేసుకుని ఉంటారా. డెలివరీ బైకు నడిపేవారికి వాన, కుదుపు ముఖ్యం. గోదాములో పనిచేసేవారికి కింద పడటం ముఖ్యం. రాత్రి షిఫ్టు నర్సుకో కేర్ హోమ్‌లో పనిచేసేవారికో ఇవేవీ పెద్ద సమస్యలు కావు. వారికి చిన్న పాడ్ పరికరం (ద్రవం ఉండే చిన్న గుళికను తగిలించి వాడే తేలికపాటి వేప్) చాలు, ఈ బరువంతా అనవసరం. నిజానికి ఆఫీసులో కూర్చునేవారు ఈ రబ్బరు కవచాల పరికరాలు కొని జేబు సాగిపోయిందని బాధపడటం నేను చాలాసార్లు చూశాను.

అలాగే రోజుకు ఎన్ని సిగరెట్లు కాల్చేవారో రాసుకోండి. దాన్ని బట్టే నికోటిన్ మోతాదు, దాన్ని బట్టే కావలసిన శక్తి, దాన్ని బట్టే బ్యాటరీ తేలుతాయి. ఈ లెక్క తెలియక చాలామంది 200 వాట్ల పరికరం కొని 15 వాట్లలో వాడుతుంటారు.

రెండో మెట్టు: పెట్టె మీద ముద్రలను సరిగ్గా చదవడం

గట్టి పరికరాల పెట్టెల మీద రెండు ముద్రలు కనిపిస్తాయి. ఒకటి ‘ఐపీ67’ లేదా ‘ఐపీ68’. రెండోది ‘మిల్-ఎస్‌టీడీ-810’ అనే సైనిక ప్రమాణం పేరు. గీక్‌వేప్ సంస్థ ఏజిస్ శ్రేణి ఈ తరహాకు బాగా తెలిసిన ఉదాహరణ; లోహపు చట్రానికి రబ్బరు, తోలు తొడుగులు బిగించి, నీరు, దుమ్ము, దెబ్బ అన్న మూడు మాటలతోనే ఆ శ్రేణి మార్కెట్లో నిలబడింది. ఇప్పుడు ఆ బాటలో చాలా సంస్థలు ఉన్నాయి. ఏ సంస్థదైనా ఈ ముద్రలు ఏం చెబుతున్నాయో, ఏం చెప్పడం లేదో తెలియాలి.

ఐపీ అన్నది ఐఈసీ 60529 అనే అంతర్జాతీయ ప్రమాణంలోని గుర్తు. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. మొదటి అంకె 6 అయితే దుమ్ము ఏమాత్రం లోపలికి పోదని అర్థం. అంతకు మించిన అంకె లేదు. రెండో అంకె 7 అయితే ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ఉంచినా హాని కలిగించేంత నీరు లోపలికి చేరలేదని అర్థం. 8 అయితే అంతకంటే కఠినమైన పరీక్ష. అయితే ఎంత లోతు, ఎంతసేపు అన్నది తయారీదారు చెప్పాలి. ఆ వివరం లేని ‘ఐపీ68’ను నేను ఐపీ67గానే లెక్కిస్తాను. అంకె స్థానంలో ‘ఎక్స్’ ఉంటే, ఉదాహరణకు ‘ఐపీఎక్స్4’ అంటే, దుమ్ముకు అంకె ఇవ్వలేదని తెలుసుకోవాలి.

ఇక్కడ మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది, ఈ పరీక్ష కొత్త పరికరం మీద, కదలని మంచినీటిలో జరుగుతుంది. సముద్రపు ఉప్పునీరు, వాషింగ్ మెషీన్‌లోని వేడి సబ్బునీరు, ఏడాది వాడాక అరిగిన రబ్బరు పట్టీ ఈ హామీలోకి రావు. రెండోది, నీటిలో ముంచే పరీక్ష నెగ్గినంత మాత్రాన పైపుతో కొట్టే నీటి ధారను తట్టుకుంటుందని కాదు. దానికి 5, 6 అంకెల పరీక్షలు వేరుగా ఉన్నాయి. మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది: ఆ హామీ బ్యాటరీ, చిప్ ఉండే కింది భాగానికే. పైన బిగించే ట్యాంకుకు గాలి రంధ్రాలు ఉండక తప్పదు, లేకపోతే దమ్ము లాగడానికే వీలుండదు. కాబట్టి పరికరం బకెట్‌లో పడితే కింది భాగం బతుకుతుంది గాని ట్యాంకులోకి నీరు పోతుంది. అప్పుడు ట్యాంకు విప్పి, ద్రవం పారబోసి, కాయిల్ (ద్రవాన్ని వేడి చేసే తీగచుట్ట) మార్చి, మరలున్న చోట పొడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే వాడాలి. ఛార్జింగ్ రంధ్రంలో తేమ ఉండగా తీగ గుచ్చకూడదు.

సైనిక ప్రమాణం సంగతి ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. 810 అనేది అమెరికా రక్షణ శాఖ రూపొందించిన పరీక్షా పద్ధతుల సంపుటి. దాని కూర్పుల్లో ‘జీ’ అన్నది 2008 నాటిది, ‘హెచ్’ అన్నది 2019 నాటిది. దానిలోని ఒక ప్రసిద్ధ పరీక్షలో వస్తువును 122 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 26 సార్లు వదులుతారు: 6 ముఖాలు, 12 అంచులు, 8 మూలలు. కింద ఉండేది కాంక్రీటు మీద పరచిన రెండంగుళాల మందపు ప్లైవుడ్. ఆ 26 దెబ్బలను ఒకే పరికరం తినాలని లేదు. ఐదు పరికరాల వరకు పంచవచ్చు. అన్నింటికంటే, ఇది నెగ్గిందని ముద్ర వేసే ప్రభుత్వ సంస్థ ఏదీ లేదు. తయారీదారే పరీక్షించుకుని తానే చెప్పుకోవచ్చు. అందుచేత ‘810జీ’ అన్న ముద్ర కనబడితే ఏ పరీక్ష, ఎంత ఎత్తు నుంచి, ఎన్నిసార్లు అన్నది చెప్పారా అని చూడండి. చెప్పకపోతే ఆ ముద్రకు నా లెక్కలో సున్నా మార్కులు.

మూడో మెట్టు: బ్యాటరీని నిర్ణయించుకోవడం

రోజువారీ వాడకంలో పరికరం ఆయుష్షును తేల్చేది బ్యాటరీయే. రెండు రకాలున్నాయి: లోపలే బిగించి ఉండేవి, తీసి మార్చుకోగలిగేవి. లోపల బిగించినవి నీటిని బాగా అడ్డుకుంటాయి, ఎందుకంటే తెరిచే మూత ఉండదు. కాని రెండు మూడు వందల ఛార్జింగుల తర్వాత బ్యాటరీ నీరసించడం మొదలైతే ఒళ్లు ఎంత గట్టిదైనా మొత్తం వస్తువును వదులుకోవాలి. మార్చుకోగలిగిన వాటిలో నీరసించిన బ్యాటరీని మాత్రమే మారిస్తే పరికరం ఏళ్ల తరబడి పనిచేస్తుంది. పని మధ్యలో ఖాళీ అయినా జేబులోని రెండోదాన్ని వేసుకోవచ్చు. నా మూత పాడైన అనుభవం తర్వాత కూడా నేను మార్చుకోగలిగినదాన్నే సిఫారసు చేస్తాను, మూతను బాగా పరీక్షించి కొనే షరతు మీద.

ఈ బ్యాటరీలకు కొలతలే పేర్లు. 18650 అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. 21700 అంటే 21 మిల్లీమీటర్ల వ్యాసం, 70 మిల్లీమీటర్ల పొడవు. 18650 ఒక్కొక్కటి 45 గ్రాములకు అటూ ఇటూగా, 21700 దాదాపు 70 గ్రాములు తూగుతాయి. బ్యాటరీ నిండితే 4.2 వోల్టులు, పరికరాలు సాధారణంగా 3.2 వోల్టుల చుట్టుపక్కల పని ఆపేస్తాయి.

కొనేటప్పుడు రెండు అంకెలు చూడాలి: ఎంత నిల్వ, ఒకేసారి ఎంత కరెంటు ఇవ్వగలదు. శామ్‌సంగ్ 25ఆర్ అనే 18650 బ్యాటరీ నిల్వ 2500 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్-గంటలు), నిరంతరంగా ఇవ్వగలిగే కరెంటు 20 ఆంపియర్లు. మోలిసెల్ పీ42ఏ అనే 21700 బ్యాటరీ నిల్వ 4200 ఎంఏహెచ్, కరెంటు 45 ఆంపియర్లు. 18650 మీద ‘9900 ఎంఏహెచ్’ అని రాసి ఉంటే అది నూటికి నూరుపాళ్లు అబద్ధం. ఆ డబ్బాలో అంత నిల్వ పట్టదు. అటువంటిదాన్ని ఉచితంగా ఇచ్చినా ముట్టుకోవద్దు.

మీకు ఎంత కరెంటు కావాలో ఇలా లెక్కించండి. వాడే వాట్లను 3.2తో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ 0.9తో భాగించండి. చిప్‌లో కొంత శక్తి వృథా అవుతుంది కాబట్టి ఆ 0.9. ఒకే బ్యాటరీ ఉన్న పరికరాన్ని 60 వాట్లలో వాడితే దాదాపు 20.8 ఆంపియర్లు కావాలి. అంటే పైన చెప్పిన 20 ఆంపియర్ల బ్యాటరీ హద్దు దాటేసింది. 40 వాట్లయితే 13.9; నిశ్చింతగా వాడవచ్చు. 15 వాట్లయితే 5.2 మాత్రమే.

అదే బ్యాటరీ ఎంతసేపు వస్తుందో కూడా లెక్క తెలుసుకుంటే దుకాణంలో ఎవరూ మోసం చేయలేరు. 2500 ఎంఏహెచ్ అంటే సుమారు 9 వాట్-గంటలు. వృథా పోను 7.2 చేతికందుతుందనుకుందాం. 15 వాట్లలో అది దాదాపు 29 నిమిషాల కాయిల్ కాలం. ఒక్కో దమ్ము మూడు సెకన్లయితే 570 దమ్ములకు పైగా. 60 వాట్లలో ఏడు నిమిషాల చిల్లర, 144 దమ్ములు. బయటి పనికి వెళ్లి సాయంత్రం దాకా ఛార్జింగ్ దొరకనివారికి తక్కువ వాట్లలో, సిగరెట్ లాగినట్టే నోట్లోకి లాగి తర్వాత ఊపిరి తీసే పద్ధతే సరైనదని ఈ లెక్క చెబుతోంది. దట్టమైన మేఘాలు వదలడం మోజు మాత్రమే. సిగరెట్ మానడానికి దానితో పని లేదు.

రెండు బ్యాటరీల పరికరం కొంటే ఆ రెంటినీ ఒకే రోజు కొని, ఒకటి, రెండు అని గుర్తు పెట్టి, ఎప్పుడూ కలిపే వాడి కలిపే ఛార్జ్ చేయాలి. కొత్తదాన్ని పాతదానితో జత చేస్తే నీరసమైనది ముందే ఖాళీ అయి, దాని మీద హద్దు మించిన భారం పడుతుంది.

బ్యాటరీ పైతొడుగు గురించి ఒక్క మాట ఎక్కువ చెప్పనివ్వండి, ఎందుకంటే అందరూ నిర్లక్ష్యం చేసేది దీన్నే. బ్యాటరీని వెలుతురులో పట్టుకుని ప్లస్ గుండీ ఉన్న కొనను చూడండి. గుండీ చుట్టూ ఒక సన్నని కాగితపు చక్రం, దాని అంచు మీదకు మడతపడిన ప్లాస్టిక్ తొడుగు కనిపిస్తాయి. ఆ తొడుగు కింద ఉన్న డబ్బా మొత్తం మైనస్. అంటే ప్లస్‌కు, మైనస్‌కు మధ్య ఆ చోట అడ్డుగా ఉన్నది ఒక కాగితపు వలయం, తలవెంట్రుక కన్నా కాస్త మందమైన ప్లాస్టిక్ పొర, అంతే. బిగుతైన పరికరంలో రోజూ తోసి లాగడం వల్ల సరిగ్గా అక్కడే తొడుగు చిరుగుతుంది. గోటి కొనంత చిరుగు కనిపించినా ఆ బ్యాటరీని పక్కన పెట్టి, కొత్త తొడుగు వేయించాకే వాడాలి. విడి బ్యాటరీని తాళాలు, నాణేలతో పాటు జేబులో వేసుకోవడం అంటే చేతులారా మంట పెట్టుకోవడమే. రెండు పౌండ్ల లోపు దొరికే ప్లాస్టిక్ పెట్టెలో పెట్టుకోండి.

నాలుగో మెట్టు: చేతిలోకి తీసుకుని చూడటం

ఇప్పుడు దుకాణానికి వెళ్లండి. ఆన్‌లైన్‌లో ధర తక్కువే, కాని మొదటిసారి కొనేవారు చేత్తో పట్టుకోకుండా కొనడం నాకు సమ్మతం కాదు.

ముందు మూత. పదిసార్లు తెరిచి మూయండి. ప్రతిసారీ ఒకే చప్పుడు రావాలి. తిప్పి బిగించే మూత అయితే మరలు మొదటి తిప్పులోనే సూటిగా పట్టాలి. ఇసుక నలిగినట్టు గరగరలాడకూడదు. కొక్కెం ఉన్న మూత అయితే ఆ కొక్కెం ప్లాస్టిక్‌దా, లోహపుదా, ఒంటిలోకి ఒదిగి ఉందా, పైకి పొడుచుకు వచ్చిందా చూడండి. నాది వంగింది పైకి పొడుచుకు రావడం వల్లే. మూత లోపలి రబ్బరు పట్టీ పరీక్షకు ఒక చిట్కా ఉంది: సన్నని కాగితపు ముక్కను మూతకూ ఒంటికీ మధ్య పెట్టి మూసి లాగండి. చుట్టూ నాలుగు చోట్ల ఇలా చేయండి. అన్నిచోట్లా గట్టిగా పట్టుకుంటే పట్టీ సమంగా అదుముతోందని అర్థం. ఒకచోట జారిపోతే నీరు ముందు అక్కడి నుంచే దారి చేసుకుంటుంది.

బ్యాటరీ వేసి, మూసి, పరికరాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. లోపల కదలిక వినిపించకూడదు. వినిపిస్తే స్ప్రింగు బలహీనంగా ఉందన్న మాట. కుదుపులకు కరెంటు తెగి తెగి వస్తుంది.

తర్వాత దమ్ము లాగేటప్పుడు నొక్కే గుండీ. తొడుగు వేసుకున్న చేత్తో నొక్కి చూడండి. గుండీ ఒంటికన్నా కొంచెం లోపలికి ఉండాలి, లేకపోతే జేబులో దానంతటదే నొక్కుకుంటుంది. గుండీలను పనిచేయకుండా కట్టేసే తాళం, ముఖ్యంగా పక్కకు జరిపే తాళం ఉంటే ఇంకా మంచిది. తెర పగటి వెలుతురులో చదవగలిగేలా ఉందో లేదో దుకాణం గుమ్మం బయటకు వచ్చి చూడండి.

ఛార్జింగ్ రంధ్రం టైప్-సి అయి ఉండాలి; దానిని మూసే రబ్బరు నాలుక గోటితో తీసేలా ఉండాలి గాని, తీసిన ప్రతిసారీ సాగి వేలాడకూడదు. ఆరు నెలల్లో ముందుగా ఊడిపోయేది ఆ నాలుకే. మార్చుకోగలిగిన బ్యాటరీలున్నవారు విడి ఛార్జర్ వాడితే ఆ రంధ్రాన్ని ముట్టుకునే అవసరమే రాదు, నీటి హామీ కూడా ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఒంటి మీద ఒక మాట. జింకు మిశ్రమ లోహం బరువుగా, గట్టిగా అనిపిస్తుంది. అల్యూమినియం తేలికగా ఉండి, దెబ్బకు సొట్ట పడుతుంది. కింద పడితే బరువైన వస్తువు ట్యాంకును మరింత బలంగా నేలకు కొడుతుంది. కాబట్టి బరువు గట్టిదనానికి గుర్తు కాదు. చూడవలసింది మూలలు: రబ్బరు మూలల దగ్గర మందంగా ఉందా, అది అతికించినదా, మరలతో బిగించినదా. అతికించినది చలికీ చెమటకూ అంచుల దగ్గర లేస్తుంది.

చివరిగా, అడుగున లేదా పక్కన బ్యాటరీ గాలి పోవడానికి దారి ఉందా అని అడగండి. బ్యాటరీ చెడి లోపల వాయువు పుడితే అది బయటకు పోవాలి. నీరు రానీయకుండా, వాయువును మాత్రం పోనిచ్చే ఏర్పాటు లేని మూసిన గొట్టం ప్రమాదకరం. ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన దుకాణదారుకు పని తెలుసని నమ్మవచ్చు.

ఐదో మెట్టు: ట్యాంకు

పగిలేది గాజే. గట్టి పరికరం కొని, దాని ఒంటికన్నా వెడల్పుగా ఉబ్బిన గాజు ట్యాంకు బిగిస్తే ఆ డబ్బు వృథా. ట్యాంకు వ్యాసం పరికరం అంచులు దాటకూడదు. విడి గాజు, విడి ఓ-రింగులు (కారకుండా ఆపే రబ్బరు వలయాలు) పెట్టెలోనే ఉన్నాయా, తర్వాత విడిగా దొరుకుతాయా అని అడగండి. గాలి రంధ్రాలు పైన ఉన్న ట్యాంకులు కారడం తక్కువ; కింద ఉన్నవాటిలో ద్రవం కారి బిగింపు మరల్లోకి దిగుతుంది. ఆ మరల కొలతను 510 అంటారు. ట్యాంకులు, పరికరాలు చాలావరకు దానితోనే కలుస్తాయి. దాని మధ్యలో ఉన్న పిన్ను స్ప్రింగుతో పైకీ కిందకీ కదలాలి. కాయిళ్లు మీ ఊరి దుకాణంలో దొరుకుతాయా అన్నది ఐపీ అంకెకన్నా ముఖ్యమైన ప్రశ్న. ప్రతి ఒకటి రెండు వారాలకు మార్చవలసిన వస్తువు దొరకకపోతే పరికరం ఎంత గట్టిదైనా ఏం లాభం?

ఆరో మెట్టు: రక్షణలు, చట్టం

షార్ట్ సర్క్యూట్, తక్కువ వోల్టేజీ, అధిక వేడి, బ్యాటరీ తలకిందులుగా వేయడం, పది సెకన్లకు మించి నొక్కి ఉంచడం: ఈ ఐదింటికీ పరికరం తానుగా ఆగిపోవాలి. ఇవి లేని, నేరుగా బ్యాటరీని కాయిల్‌కు కలిపే యాంత్రిక పరికరాలు రోజువారీ వాడకానికి తగవు.

బ్రిటన్‌లో 2016 నిబంధనల ప్రకారం ట్యాంకు 2 మిల్లీలీటర్లు, నికోటిన్ ద్రవం సీసా 10 మిల్లీలీటర్లు, గాఢత మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు మించకూడదు. నికోటిన్ ఉన్న ఉత్పత్తుల వివరాలు ఎంహెచ్‌ఆర్‌ఏ అనే నియంత్రణ సంస్థకు ముందే అందించి ఉండాలి. 2025 జూన్ 1 నుంచి ఒకసారి వాడి పారేసే వేప్‌ల అమ్మకం నిషేధం. ఇంకా అమ్ముతున్న దుకాణం కనబడితే అక్కడ బ్యాటరీలు కూడా కొనకండి. చట్టం ఒకచోట లెక్క చేయనివారు నకిలీల దగ్గరా లెక్క చేయరు. పెట్టె మీద గీకి చూసే సంకేతం ఉంటే దాన్ని తయారీదారు వెబ్‌సైట్‌లో సరిచూడండి.

వేరే దేశాల్లోని మనవారికి నియమాలు వేరు. అమెరికాలో కనీస వయసు 21, పైగా ఎఫ్‌డీఏ అనే అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఉన్నవి కొన్ని మాత్రమే. ఆస్ట్రేలియాలో 2024 జులై నుంచి ఫార్మసీల ద్వారానే అమ్మాలి. సింగపూర్‌లో పూర్తిగా నిషేధం.

ఏడో మెట్టు: ముప్పై రోజుల పరీక్ష

కొన్న సాయంత్రమే పరీక్ష మొదలుపెట్టాలి, ఎందుకంటే గడువులు నడుస్తుంటాయి. ఆన్‌లైన్‌లో కొన్నది అందిన 14 రోజుల్లోగా కారణం చెప్పకుండానే వెనక్కి ఇస్తున్నామని తెలపవచ్చు. అయితే దుకాణంలో చూసే స్థాయికి మించి వాడితే వాపసు తగ్గించే హక్కు అమ్మినవారికి ఉంటుంది. ఎక్కడ కొన్నా, 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం లోపమున్న వస్తువును 30 రోజుల్లో తిరస్కరించి పూర్తి డబ్బు పొందవచ్చు. రసీదు, పెట్టె దాచండి.

మొదటి రాత్రి ట్యాంకు నింపే ముందు కాయిల్‌లోని దూది మీద నాలుగైదు చుక్కలు వేసి, నింపాక పది నిమిషాలు ఆగండి. లేకపోతే దూది మాడుతుంది. ఆ మాడిన రుచి పరికరం తప్పు కాదు. కాయిల్ మీద రాసిన కనిష్ఠ వాట్ల నుంచి మొదలుపెట్టండి. ట్యాంకును ఒక తెల్ల కాగితం మీద పక్కకు పడుకోబెట్టి నిద్రపోండి. పొద్దున కాగితం మీద మరక ఉంటే ఓ-రింగు సరిగా కూర్చోలేదు.

తర్వాతి రెండు వారాలు మూడు సంగతులు రాసుకోండి: ఛార్జింగ్ ఎన్ని గంటలకు అయిపోయింది, రోజుకు ఎన్ని మిల్లీలీటర్లు ఖర్చయ్యాయి, ఎన్నిసార్లు సిగరెట్ మీదకు మనసు పోయింది. మూడో లెక్కను చాలామంది రాయరు. నా దృష్టిలో మొదటి రెండూ దాని కోసమే. మనసు తరచూ పోతుంటే పరికరం లోపం కాకపోవచ్చు, నికోటిన్ మోతాదు చాలకపోవచ్చు. దగ్గరలోని ‘స్టాప్ స్మోకింగ్’ సేవవారితో మాట్లాడండి, వారి సలహా ఉచితం.

కావాలని కింద పడేయవద్దు, నీటిలో ముంచవద్దు. వారంటీ పోతుంది, పైగా మామూలు వాడకంలో అది ఎలాగూ ఒకటి రెండుసార్లు పడుతుంది. పడిన ప్రతిసారీ ఒకే క్రమంలో చూడండి: మూత పడుతోందా, కాగితపు ముక్క పరీక్ష నెగ్గుతోందా, గాజుకు సన్నని గీత ఉందా, బ్యాటరీ తొడుగు చిరిగిందా, బ్యాటరీ సొట్ట పడిందా. సొట్ట పడిన బ్యాటరీ పనిచేస్తున్నా సరే, ఇక వాడకూడదు.

చలికాలంలో పరీక్షిస్తుంటే ఛార్జింగ్ తొందరగా అయిపోయినట్టు కనిపిస్తుంది. చలికి బ్యాటరీ తాత్కాలికంగా నీరసిస్తుంది. లోపలి జేబులో ఒంటి వేడికి ఉంచుకోండి. గడ్డకట్టే చలిలోంచి తెచ్చిన వెంటనే ఛార్జింగ్ పెట్టకండి, గది వేడికి రానివ్వండి. దుబాయ్‌లోనో టెక్సస్‌లోనో ఉన్నవారికి దీనికి తలకిందుల సమస్య: ఎండలో నిలిపిన కారులో పరికరాన్ని వదలకూడదు.

వారానికోసారి మరలు, మధ్య పిన్ను, మూత పట్టీ పొడిగుడ్డతో తుడవండి. పట్టీ మీద ఒక్క వెంట్రుక పడి ఉన్నా నీరు లోపలికి దారి చేసుకుంటుంది. పాత పరికరాన్ని, బ్యాటరీలను చెత్తబుట్టలో వేయకండి. వేప్‌లు అమ్మే దుకాణాలు పాతవాటిని తిరిగి తీసుకోవాలని ఇక్కడి నిబంధన.

సెలవులకు ఇంటికి వెళ్లేటప్పుడు, నేను విజయవాడ వెళ్లే ముందు రోజు చేసేది ఇది: బ్యాటరీలను తీసి ప్లాస్టిక్ పెట్టెలో పెడతాను, ట్యాంకు ఖాళీ చేసి కడిగి ఆరబెడతాను, పరికరాన్ని మూత తెరిచి ఉంచి సొరుగులో పెడతాను. విమానంలో లిథియం బ్యాటరీలను చేతి సంచిలో తీసుకెళ్లవచ్చన్నది నిజమే గాని, దిగేచోట వేప్ పరికరం దిగుమతే నిషేధం కాబట్టి ఆ వెసులుబాటు మనకు పనికిరాదు. దారిలో మారే విమానాశ్రయం ఉన్న దేశం నియమం కూడా ముందే చూసుకోవాలి. సంచిలో వేసుకునేది నికోటిన్ గమ్ ఒక్కటే. ఊళ్లో ఉన్నన్నాళ్లూ దానితో గడిపి, తిరిగి వచ్చాక కొత్త కాయిల్ వేసి, మూత పట్టీని ఇంకోసారి కాగితపు ముక్కతో చూసుకుని మొదలుపెడతాను.